పాత ఎంఎక్స్-5కి 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్: ఎవరైనా చేసి చూశారా?

పాపప్ లైట్లు

నా దగ్గర మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. 1.6 లీటర్ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, హెడ్‌లైట్లు పైకి లేచే మోడల్. బరువు వెయ్యి కిలోల లోపే కాబట్టి మలుపుల్లో దాని సరదా వేరు. కానీ 3000 ఆర్‌పీఎం లోపల పుల్లింగ్ లేదు. మూడో గేర్లో మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక క్షణం ఆలోచించుకుని, సరే పోదాం అనుకుని అప్పుడు కదిలినట్టు ఉంటుంది. టర్బో వద్దు. ఈ ఇంజిన్ పైకి తిరిగే తీరు నాకు ఇష్టం, దాన్ని పాడుచేసుకోను.

ఇప్పటి కార్లలో బెల్ట్ స్టార్టర్ జనరేటర్ వస్తోంది కదా, ఆల్టర్నేటర్ ఉండే చోటే కూర్చుని, కావాలంటే మోటార్‌లా ఇంజిన్‌కి తోపు ఇస్తుంది, బ్రేక్ వేసినప్పుడు ఛార్జ్ చేసుకుంటుంది. యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసిన 10 కిలోవాట్లది ఒకటి దొరికేలా ఉంది. నా ప్లాన్: ఆల్టర్నేటర్ తీసేసి దీన్ని బిగించడం, బ్యాటరీ ఎలాగూ ఈ కారులో డిక్కీలోనే ఉంటుంది కాబట్టి పక్కనే 48 వోల్టుల ప్యాక్ పెట్టడం. ఎలక్ట్రిక్ సైకిల్‌ది ఒక ప్యాక్ ఖాళీగా పడి ఉంది, 13 ఏహెచ్ (యాంపియర్ అవర్లు). ఆ 48ని కారు మామూలు 12 వోల్టులకి దించడానికి ఒక డీసీ-డీసీ కన్వర్టర్.

నా లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పండి. తేడా తెలిసేంత పుల్లింగ్ వస్తుందా, బెల్ట్ తట్టుకుంటుందా, కాస్త మైలేజీ కూడా కలిసొస్తుందా? "పిచ్చి పని" అనే జవాబు ఇంట్లోవాళ్లు ఆల్రెడీ ఇచ్చేశారు, మళ్లీ అక్కర్లేదు.

పదమూడో నంబర్ పానా

పిచ్చి పని అనను తమ్ముడూ, ముందు చేయాల్సిన పని వదిలేశావు అంటాను. కింద పుల్లింగ్ లేదంటే ఫస్ట్ చూడాల్సింది ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎంత ముందు పడుతోందో. ఫ్యాక్టరీ లెక్క 10 డిగ్రీలు, ఈ ఇంజిన్ ఉన్నవాళ్లలో చాలామంది 14కి జరుపుకుంటారు, మంచి ఆక్టేన్ పెట్రోల్ పోయాలి అంతే. తేడా చెవికీ తెలుస్తుంది, వీపుకీ తెలుస్తుంది. గంట పని. అది అయ్యాక మోటార్లూ బ్యాటరీలూ మాట్లాడుకుందాం.

యాంపియర్ లెక్క

టైమింగ్ జరపమన్నది నిజమే, కానీ ఆయన అడిగింది వేరే, కాబట్టి లెక్క చూద్దాం.

10 కిలోవాట్లు అంటే క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) దగ్గర 2000 ఆర్‌పీఎంలో 48 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. మీ ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు ఇచ్చేదే 135 చుట్టుపక్కల, అందువల్ల కింద 48 కలిస్తే తేడా బ్రహ్మాండంగా తెలుస్తుంది. అదే 10 కిలోవాట్లు 3000లో 32కి పడిపోతాయి, 6000కి వెళ్లేసరికి 16. అంటే కింద తోస్తుంది, పైకి వెళ్లేకొద్దీ తప్పుకుంటుంది. మీకు కావాల్సింది సరిగ్గా అదే కాబట్టి ఆలోచన తప్పు కాదు.

తప్పు బ్యాటరీలో ఉంది. క్రాంక్ దగ్గర 10 కిలోవాట్లు రావాలంటే, నష్టాలు కలుపుకుని 48 వోల్టుల దగ్గర సుమారు 240 యాంప్స్ లాగాలి. సైకిల్ ప్యాక్‌లో ఉండే బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) మామూలుగా 30, 40 యాంప్స్ వరకే ఒప్పుకుంటుంది. మీరు తొక్కగానే అది టప్ మని ఆపేస్తుంది, అదైనా నయం. ఛార్జ్ అవుతున్నప్పుడు ఆపేసిందనుకోండి, మోటార్ పుట్టిస్తున్న కరెంట్‌కి పోవడానికి దారి లేక వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి కంట్రోలర్ ప్రాణం తీస్తుంది. బీఎంఎస్ తీసేసి వాడదామని మాత్రం అనుకోవద్దు, ప్లీజ్. 13 ఏహెచ్ ప్యాక్ నుంచి 240 లాగడమంటే 18సీ, అంటే గంటలో ఖాళీ చేసే వేగానికి 18 రెట్లు, ఆ సెల్స్ అలాంటి పనికి పుట్టినవి కావు, వేడెక్కుతాయి, ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు, పైగా అది మీ సీటు వెనకే ఉంటుంది.

నిజానికి మీకు కావాల్సింది పెద్ద బ్యాటరీ కాదు, గట్టిగా ఇచ్చి గట్టిగా పుచ్చుకునే చిన్న బ్యాటరీ. 10 కిలోవాట్లు 6 సెకన్లు వాడితే ఖర్చు 17 వాట్ అవర్లే, అంటే దాదాపు ఒక ఫోన్ బ్యాటరీ అంత. సూపర్ కెపాసిటర్ మాడ్యూల్ ఆలోచించండి. 48 వోల్టుల 165 ఫారడ్‌ది నిండుగా ఉంటే 53 వాట్ అవర్లు. వాడేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది కాబట్టి అదంతా చేతికి రాదు. కంట్రోలర్ 36 వోల్టుల దగ్గర ఆగిపోతుందనుకుంటే అందేది 23, అంటే ఒక 8 సెకన్ల తోపు. మలుపు నుంచి బయటపడటానికి చాలు. ఛార్జింగ్‌కి భయపడదు, చలికీ భయపడదు. మామూలు లిథియం సెల్స్‌ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని పాడైపోతాయి, దీనికి ఆ టెన్షన్ లేదు.

మైలేజీ సంగతి. మీతో కలిపి 1100 కిలోలు, గంటకు 100 కిలోమీటర్ల వేగం: చక్రాల మీద పరిగెడుతున్న శక్తి 118 వాట్ అవర్లు. 5 సెకన్లలో ఆపితే 10 కిలోవాట్ల మోటార్ ఎంత ప్రయత్నించినా పట్టేది 14. మిగతాది డిస్కులు వేడెక్కడానికే. ఆ 14లోనూ దారి నష్టాలుంటాయి. పైగా బెల్ట్ మీద ఉన్న మోటార్ కాబట్టి ఛార్జ్ అవుతున్నంతసేపూ ఇంజిన్‌ని కూడా ఈడ్చుకుంటూ తిప్పాలి, ఆ రాపిడి ఉత్తినే పోతుంది. గట్టిగా ఒకసారి బ్రేక్ వేస్తే ఒక బూస్ట్‌కి సరిపడా కూడా వెనక్కి రాదు. కొత్త కార్లలో వచ్చే ఆదా ఎక్కువగా సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేయడం వల్లా, మెల్లగా ఆగేటప్పుడు పట్టుకోవడం వల్లా వస్తుంది. మీరు నడిపే తీరుకి మైలేజీ కోసం అయితే మానేయండి, పుల్లింగ్ కోసం అయితే చేయండి.

పాపప్ లైట్లు

ఇంత లెక్క వేసినందుకు థాంక్స్. సైకిల్ ప్యాక్ తిరిగి సైకిల్‌కే పోతుంది. 48 వోల్టులు ముట్టుకున్నా ప్రమాదం లేదంటారు కదా, కాబట్టి వైరింగ్ నేనే చేసుకోవచ్చా?

యాంపియర్ లెక్క

ముట్టుకోవడం సమస్య కాదు. 60 వోల్టుల డీసీ లోపల అయితే షాక్ భయం తక్కువని లెక్క, కార్ల కంపెనీలు 48 దగ్గర ఆగింది కూడా అందుకే, హై వోల్టేజ్‌కి వాడే ఆరెంజ్ కేబుళ్ల బాధ తప్పుతుంది. సమస్య నిప్పురవ్వ. 12 వోల్టుల దగ్గర వైరు ఊడితే చిటుక్కుమని ఆరిపోతుంది. 48 దగ్గర ఆ మంట ఆరదు, వెల్డింగ్‌లా నిలబడి కాలుస్తూనే ఉంటుంది. కారుల్లో మనం రోజూ చూసే బ్లేడ్ ఫ్యూజుల మీద 32 వోల్టులని రాసి ఉంటుంది చూడండి, అవి ఇక్కడ పనికిరావు, ఎగిరిపోయాక కూడా లోపల మంట కొనసాగొచ్చు. 58 లేదా 70 వోల్టుల రేటింగ్ ఉన్నవే వాడాలి, అదీ బ్యాటరీకి ఆనుకుని. కాంటాక్టర్ (ప్యాక్‌ని కలిపే పెద్ద స్విచ్) పడేముందు రెసిస్టర్ గుండా ప్రీఛార్జ్ పెట్టండి, అంటే మెల్లగా నింపండి, లేకపోతే కంట్రోలర్‌లో కెపాసిటర్లు ఒక్కసారి నిండేటప్పుడు కాంటాక్టర్ నాలుకలు అతుక్కుపోతాయి. అతుక్కుపోయిన కాంటాక్టర్ అంటే ఇక ఆఫ్ అనేది లేని సిస్టమ్.

గ్రౌండ్ గురించి చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ నుంచి బాడీకి ఉన్న పాత ఎర్త్ పట్టీ మీద 240 యాంప్స్ నడపొద్దు. అది తెగితే ఆ కరెంట్ ఇంకో దారి వెతుక్కుంటుంది, ఆ దారి మీ యాక్సిలరేటర్ కేబులో, సెన్సర్ గ్రౌండో కావచ్చు. మోటార్ నుంచి నేరుగా ప్యాక్‌కి విడిగా మందపాటి కేబుల్.

ఇంకొకటి, కొనేముందు ఆ యూనిట్ ఏ రకమో కనుక్కోండి. బండిలోంచి తీసినవి పాత బండి కంప్యూటర్ నుంచి మెసేజ్ రాకపోతే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాయి, అప్పుడు లోపల ఇన్వర్టర్ పక్కన పెట్టి సొంత కంట్రోలర్‌తో నడపాలి. రోటార్‌లో (తిరిగే భాగంలో) అయస్కాంతానికి బదులు ఫీల్డ్ వైండింగ్ అనే తీగచుట్ట ఉన్న రకమైతే దానికి వేరే కరెంట్ ఇవ్వాలి, పని ఎక్కువ, కానీ ఫీల్డ్ ఆపేస్తే హాయిగా ఉత్తినే తిరుగుతుంది. పర్మనెంట్ మాగ్నెట్‌ది అయితే మీరు రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ వేగం) దగ్గర ఉన్నప్పుడు అది తనంతట తానే వోల్టేజ్ పుట్టిస్తుంది. మీ ఇంజిన్ 7000, బెల్ట్ రేషియో 2.5 అనుకుంటే మోటార్ 17,500 తిరగాలి. ఆ వేగంలో ఎన్ని వోల్టులు వస్తాయో తెలియకుండా కనెక్ట్ చేయొద్దు.

బెల్టు బాధితుడు

నేను చేశాను, ఇదే కారు కాదు, ఇంకో పాత రెండు డోర్ల వెనక చక్రాల బండి. రెండేళ్లుగా నడుస్తోంది. పై ఇద్దరూ చెప్పింది కరెక్టే కానీ నన్ను ఏడిపించింది బ్యాటరీ కాదు, బెల్టు.

ఆల్టర్నేటర్ ఎప్పుడూ ఒకవైపే భారం వేస్తుంది కాబట్టి బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు వైపు ఉంటే చాలు. ఈ మోటార్ అలా కాదు. ఛార్జ్ చేసేటప్పుడు బెల్టుకి ఒక వైపు బిగుసుకుంటుంది, తోసేటప్పుడు ఇంకో వైపు బిగుసుకుంటుంది, అంటే ఏ వైపు వదులో క్షణక్షణానికీ మారుతుంది. నేను మామూలు టెన్షనర్‌తోనే మొదలెట్టాను. బూస్ట్ నొక్కగానే కీచుమని అరుపు, పక్క బండ్లవాళ్లు తిరిగి చూసేంత. వారానికి బెల్టు పక్కలు మెరుస్తూ నున్నగా అయిపోయాయి, బోనెట్ ఎత్తితే కాలిన రబ్బరు వాసన, పుల్లీ చుట్టూ నల్లటి పొడి. కంపెనీ మైల్డ్ హైబ్రిడ్లలో మోటార్ చుట్టూ రెండు చేతులున్న టెన్షనర్ పెడతారు, ఒకటి ఇటు, ఒకటి అటు నొక్కుతూ ఉంటుంది. అది తెచ్చి, దానికి బ్రాకెట్ చేయించి, ఆరు గాళ్ల (పొడవునా ఆరు గాడులున్న) బెల్టుకి పుల్లీలన్నీ మార్చాక అరుపు ఆగింది. మీ ఇంజిన్లో ఆల్టర్నేటర్ బెల్ట్ నాలుగు గాళ్లది, పైగా వాటర్ పంప్ కూడా దాని మీదే తిరుగుతుంది. మీ హైబ్రిడ్ బెల్ట్ తెగితే ఛార్జింగ్ మాత్రమే కాదు, కూలెంట్ కూడా ఆగుతుంది. నాకైతే టెంపరేచర్ ముల్లు చూసుకోవడం బతుకంతా అలవాటైపోయింది.

రెండోది క్లచ్ స్విచ్. ఇది లేకుండా రీజెన్ (బండి వేగం తగ్గేటప్పుడు ఛార్జ్ చేసుకోవడం) పెట్టొద్దు. మొదటిరోజు నేను బ్రేక్ లైట్ స్విచ్ మీదే రీజెన్ పెట్టాను, బ్రేక్ తొక్కితే ఛార్జ్, సింపుల్‌గా. జంక్షన్ దగ్గర ఆగుతూ క్లచ్ తొక్కాను, ఇంజిన్ చక్రాల నుంచి విడిపోయింది, మోటార్ మాత్రం ఛార్జింగ్ కోసం ఇంజిన్‌నే గొంతు పట్టుకుని ఆపేసింది. బండి కదులుతూ ఉండగానే ఇంజిన్ ఆఫ్, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ లేదు, రెండోసారి తొక్కేసరికి పెడల్ రాయిలా ఉంది. క్లచ్ సగం దిగకముందే రీజెన్ సున్నాకి పడాలి, న్యూట్రల్‌లో కూడా. 1500 ఆర్‌పీఎం కింద అసలు ఉండకూడదు.

మూడోది వాన. మీది కూడా వెనక చక్రాల బండే కదా. రీజెన్ అంతా వెనక చక్రాల మీదే పడుతుంది, ముందుకి ఒక్క చుక్క కూడా రాదు. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలాను, ఇంజిన్ బ్రేకింగ్‌కి తోడు రీజెన్ కూడా పడింది, తోక మెల్లగా బయటికి వచ్చింది. ఏబీఎస్ లేని బండి. తోక వెనక్కి తెచ్చుకున్నాను, కానీ ఆ రోజే యాక్సిలరేటర్ వదిలితే వచ్చే రీజెన్ మొత్తం తీసేశాను. ఇప్పుడు బ్రేక్ తొక్కితేనే, అదీ మూడు కిలోవాట్లే, డాష్‌బోర్డ్ మీద వాన స్విచ్ ఒకటి, నొక్కితే అదీ ఉండదు.

ఇంత బాధ పడ్డాక బాగుందా అంటే, మూడో గేర్లో 2000 నుంచి తొక్కినప్పుడు బండి నిశ్శబ్దంగా ముందుకి జరుగుతుంది చూడండి, ఇంజిన్ శబ్దం మారకుండానే. దాని కోసం మళ్లీ చేస్తాను.

పాపప్ లైట్లు

క్లచ్ సంగతి నాకు తట్టనే లేదు. బెల్టు ఇంత తలనొప్పి అయితే హోండా మొదటి ఇన్‌సైట్‌లోలాగా ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య పళ్లెంలాంటి మోటార్ పెడితే? అది కూడా 10 కిలోవాట్లే, మాన్యువల్ గేర్లతో కూడా వచ్చేది.

యాంపియర్ లెక్క

చక్కటి డిజైన్, కానీ అది 144 వోల్టులది, మొత్తం సేఫ్టీ కథ మారిపోతుంది. పైగా ఆ మోటార్ మందమెంతో గేర్‌బాక్స్ అంత వెనక్కి జరగాలి. మీ కారులో గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలిపి పట్టుకునే పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఉంది కదా, గేర్‌బాక్స్ జరిగితే అదీ కోయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కురచ చేయాలి, గేర్ లివర్ రంధ్రం జరపాలి. షాఫ్ట్ మీద మోటార్ పెట్టడం ఇంకో దారి, అప్పుడు క్లచ్ తొక్కినా రీజెన్ వస్తుంది, ఇంజిన్‌ని ఈడ్చక్కర్లేదు. కానీ 1.6 కార్లలో వచ్చిన డిఫరెన్షియల్ చిన్నది, టర్బో పెట్టినవాళ్లు విరగ్గొట్టుకునేది దాన్నే.

ఇంకో సంగతి. మీ 1.6 మాన్యువల్‌లో ఉన్న థ్రాటిల్ సెన్సర్ అసలు సెన్సరే కాదు, రెండు కాంటాక్టుల స్విచ్: ఐడిల్‌కి ఒకటి, ఫుల్‌కి ఒకటి. మధ్యలో మీ కాలు ఎక్కడుందో దానికి తెలియదు. బూస్ట్ ఎంత ఇవ్వాలో కంట్రోలర్‌కి తెలియాలంటే మొత్తం కొలిచే సెన్సర్ బిగించాలి.

పదమూడో నంబర్ పానా

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ అసలు జబ్బు అడగలేదు. తమ్ముడూ, నీ బండి ఏ ఏడాదిది? 1991 మధ్యకి ముందుదైతే క్రాంక్ ముక్కు (ముందు పుల్లీ కూర్చునే కొస) పొట్టిది. ముందు పుల్లీని పట్టుకునే బోల్టు సన్నం, కీ (పుల్లీ జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడికి ఆసరా తక్కువ. టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఆ బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ ఆడుతుంది, గాడి అరుగుతుంది, క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) జారి బండి నీరసపడుతుంది. చివరికి క్రాంకే పోతుంది. మామూలు ఆల్టర్నేటర్ భారానికే అది అలా ఉంటే, ఇటు ఒకసారి అటు ఒకసారి గుంజే మోటార్‌ని ఆ ముక్కుకే తగిలిస్తావా?

టార్చ్ తీసుకుని బోనెట్ ఎత్తి పుల్లీ మధ్యలో గాళ్లు లెక్కపెట్టు. నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు. పొడుగైతే వీళ్లు చెప్పినట్టు చేసుకో, నేనే బ్రాకెట్ కొలతలు చెప్తా.

పాపప్ లైట్లు

ఇప్పుడే చూసొచ్చాను. మొదట ఆరు లెక్కపెట్టాను, సంతోషం ఆగలేదు, తర్వాత తెలిసింది నేను చూస్తోంది పుల్లీ బోల్టులని. మళ్లీ బట్టతో తుడిచి చూశాను. నాలుగు.

పదమూడో నంబర్ పానా

అదే అనుకున్నా. భయపడకు, నాలుగున్న బండ్లు చాలా నిక్షేపంగా తిరుగుతున్నాయి, ముక్కు ఆడకుండా ఉంటే చాలు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పుల్లీని పక్కనుంచి చూడు, వణుకుతూ తిరుగుతోందా, గుండ్రంగా తిరుగుతోందా? కానీ హైబ్రిడ్ దీని మీద వద్దు. పొడుగు ముక్కున్న తర్వాతి 1.6 ఇంజిన్ ఒకటి వెతుక్కో, దాన్ని పక్కన స్టాండ్ మీద పెట్టుకుని బెల్టులూ టెన్షనరూ అన్నీ సరిపెట్టుకుని అప్పుడు దించు.

బెల్టు బాధితుడు

స్టాండ్ మీద సరిపెట్టుకోవడం మంచి సలహా. నేను బండిలోనే ఉంచి, రేడియేటర్ తీసి, చేయి పట్టని చోట బ్రాకెట్ కోసం మూడుసార్లు అట్టముక్కలు కత్తిరించుకున్నాను. ఇంకొకటి, పాత స్టార్టర్ మోటార్ ఉంచుకోండి. ప్యాక్ ఖాళీ అయిన రోజు ఇంటికి చేర్చేది అదే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్లని పని మొదలెట్టే ముందే అడగండి, అయ్యాక కాదు.

పాపప్ లైట్లు

పుల్లీ గుండ్రంగానే తిరుగుతోంది, వీడియో తీసి నెమ్మదిగా కూడా చూశాను. మోటార్ అమ్మేవాళ్లకి ఇప్పుడే వద్దని చెప్పాను. ఇంజిన్ వెతుకుతాను, దొరికాక ఇక్కడే రాస్తాను. ఈలోపు ఆదివారం టైమింగ్ 14కి జరుపుతున్నాను అన్నా, మీ మాటే గెలిచింది.

పదమూడో నంబర్ పానా

గెలుపేముందిలే. టైమింగ్ లైట్ పెట్టి చూసే ముందు బోనెట్ కింద డయాగ్నస్టిక్ పెట్టెలో టెన్, గ్రౌండ్ అనే రెండు పిన్నులనీ వైరు ముక్కతో కలుపు, లేకపోతే కంప్యూటర్ టైమింగ్‌ని తన ఇష్టమొచ్చినట్టు ఆడిస్తుంది, నీకు కనిపించే అంకె అబద్ధం. అయ్యాక ఆ వైరు ముక్క తీసెయ్. నేను ఒకసారి మర్చిపోయి రెండు రోజులు బండి ఎందుకు నడవట్లేదా అని తల పట్టుకున్నా.